ఒకటో రోజు ఏది?

లింగంపల్లి క్లినిక్కులో కాంపౌండరు ఇచ్చిన కవరును దివ్య ఆటోలోనే చింపి చూసింది. లోపలి కాగితం మీద ఆమె పేరు, వయసు ఇరవై తొమ్మిది, రక్తం తీసిన తేదీ 28 జూన్ 1999, వాటి కింద ఒకే ఒక అంకె ఉన్నాయి. ప్రొజెస్టెరాన్: 2.6. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఎంత ఉండాలో పక్కనే చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఉంది. పది, ఆ పైన.

అంకెలకు అర్థం చెప్పవలసిన డాక్టర్ సీతాబాయి ఊళ్ళో లేరు. కూతురి పురుటికని షోలాపూర్ వెళ్ళారు, జూలై పన్నెండో తారీఖు సోమవారానికి గానీ రారని కాంపౌండరు చెప్పాడు. అంటే తొమ్మిది రోజుల పాటు ఆ అంకె డాక్టరు లేకుండా ఇంట్లో ఉంటుంది. డాక్టరు లేని అంకెకు ఇంట్లో అందరూ డాక్టర్లే.

పెళ్ళయి రెండేళ్ళు నిండినా నెల తప్పలేదని కిందటి నెలలో దివ్య తనంతట తానే సీతాబాయి దగ్గరికి వెళ్ళింది. నెలసరికి ఒకటి రెండు రోజుల ముందే మరకలు కనిపిస్తున్నాయని చెప్పింది. అండం విడుదలైన తరువాత గర్భసంచి లోపలి పొరను నిలబెట్టే హార్మోను సరిపోతున్నదో లేదో చూద్దామని, నెలసరి మొదలైన రోజును ఒకటిగా లెక్కపెట్టి ఇరవయ్యో రోజున రక్తం ఇవ్వమని డాక్టరు రాసిచ్చారు. దివ్య లెక్కపెట్టుకుని, సరిగ్గా ఇరవయ్యో రోజున ఇచ్చింది. లెక్కలు ఆమె వృత్తి.

గోపన్‌పల్లిలో రుక్కమ్మ ఇంటి వెనక వాటా రెండు గదులది. అందులో దివ్య, వినయ్, ఆరు నెలల కిందట కోవెలకుంట్ల నుంచి వచ్చిన అత్తగారు సరోజమ్మ ఉంటున్నారు. కోకాపేట వైపు వెంచర్లు వేసే ఒక ఆఫీసులో వినయ్ సర్వే పటాలు గీస్తాడు. దివ్య ఇంట్లో అడుగుపెట్టేసరికి తల్లీకొడుకులు ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు.

"ఎంతుంది?" అంది సరోజమ్మ.

"రెండు పాయింట్ ఆరు."

"ఎంతుండాల?"

"పది, అత్తయ్యా."

సరోజమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే పావలా వంతు. నేననుకుంటానే ఉండా. ఆడపిల్ల సద్దన్నం తిని మధ్యాహ్నం పోయి, నడిరాత్రికి ఇల్లు చేరేదేం ఉద్యోగం? ఆ అద్దాల మేడలో చల్లగాలి యంత్రం కింద కూసుంటే ఒంట్లో ఏముంటాది, ఐసుగడ్డ తప్ప!"

ఆ మాట పూర్తి చేసే లోపలే ఆమె చెప్పులు వేసుకుంది. ఊరి మొదట్లో ఉన్న ఎస్టీడీ బూతు నుంచి నంద్యాలకు, తన అన్న సుబ్రహ్మణ్యానికి ఫోను చెయ్యడానికి.

సుబ్రహ్మణ్యం ముప్పై ఏళ్ళు విత్తనాల దుకాణం నడిపి, యాభై ఐదో ఏట ఒక పెద్ద పెంకుటిల్లు కొని దాన్ని ప్రకృతి చికిత్సాలయంగా మార్చాడు. మట్టి పట్టీలు, తొట్టి స్నానాలు, ఉప్పు లేని కూరలు. మంచివాడు. ఎవరి దగ్గరా ఎక్కువ తీసుకోడు. విత్తనాలు కొన్నవాళ్ళకు పంట పండకపోతే వానను తప్పుపట్టేవాడు, ఇప్పుడు రోగం తగ్గకపోతే పథ్యాన్ని తప్పుపడతాడు. రెండు వ్యాపారాల్లోనూ ఆయన మాట ఇంతవరకూ తప్పలేదు.

ఆయన మూడు నిమిషాల్లో తీర్పు చెప్పాడు. నలభై ఒక్క రోజులు అమ్మాయి నంద్యాలలో ఉండాలి. తొలి ఏకాదశి నాడు, అంటే జూలై ఇరవై నాలుగున మొదలుపెడితే శ్రేష్ఠం. గది సిద్ధంగా ఉంచుతాడు.

ఆ తేదీ వినగానే దివ్య వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకుంది. మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో ఆమె కంపెనీ ఒక అమెరికా బ్యాంకు ప్రోగ్రాములను సరిచేస్తోంది. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి ఆ ప్రోగ్రాములు తారీఖులు తప్పి వడ్డీలు తారుమారు చెయ్యకుండా చూడటం వాళ్ళ పని. ఆగస్టు రెండున పరీక్షల దశ మొదలవుతుంది. ఎనిమిది మంది జట్టుకు దివ్యను నాయకురాలిగా వేస్తానని మేనేజరు శివశంకర్ అన్నాడు. నాలుగేళ్ళుగా ఆమె ఎదురుచూసిన మాట అది. వెళ్తే సెప్టెంబరులో గానీ తిరిగి రాదు. అప్పటికి ఆ కుర్చీలో ఇంకెవరో ఉంటారు.

వెళ్ళనని చెప్పెయ్యవచ్చు. సరోజమ్మ నోరు చేసుకుంటుందే గానీ ఈడ్చుకుపోయే మనిషి కాదు. దివ్య నోరు మూయించింది ఆ కాగితం. బిడ్డ కావాలన్న కోరిక ఇంట్లో అందరికన్నా ఆమెకే ఎక్కువ. తన ఒంటిని తన ఉద్యోగమే పాడుచేస్తున్నదా? ఈ ప్రశ్నకు జవాబు ఆ 2.6 దగ్గర ఉన్నట్టే కనిపిస్తోంది.

మూడు రోజులకు నంద్యాల నుంచి ఒక జిరాక్సు కాగితం వచ్చింది. 'ప్రొజెస్టెరాన్ లోపానికి పది గుర్తులు' అని సుబ్రహ్మణ్యం స్వహస్తంతో రాసిన పత్రం. ఆఫీసుకు వేళవుతోందని వినయ్ అన్నం తింటూనే చదివాడు.

"నిద్ర పట్టకపోవడం. చిరాకు. తలనొప్పి. మధ్యాహ్నం నీరసం. తీపి మీద మనసు పోవడం." తలెత్తి తల్లిని చూశాడు. "అమ్మా, ఇవన్నీ నాకు ఉన్నాయి."

"నోరు మూసుకుని తిను."

"మా ఆఫీసులో డ్రైవరు కొమురయ్యకు కూడా ఉన్నాయి. అతనికి మీసాలున్నాయి. ఇద్దరం తొలి ఏకాదశికి నంద్యాల పోతాం, ఒక గది చాలు."

దివ్యకు నవ్వు వచ్చింది, నాలుగు రోజుల్లో అదే మొదటిసారి. కానీ ఆ పదిలో రెండు గుర్తుల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. నెలసరికి ముందే మరకలు. నెలసరి ముందుకు జరగడం. ఇవి డ్రైవర్లకు వచ్చేవి కావు. సీతాబాయి కూడా మొదటి రోజు ఈ రెండింటి గురించే అడిగారు, తక్కిన ఎనిమిదింటి గురించి అడగనే లేదు. కాబట్టి సుబ్రహ్మణ్యం పత్రాన్ని పూర్తిగా నవ్వి అవతల పారెయ్యడానికి వీలులేకపోయింది.

ఈ లోపల సరోజమ్మ తన వంతు వైద్యం మొదలుపెట్టింది. పొద్దున నువ్వుల ఉండ, మధ్యాహ్నం ఆఫీసుకు నాలుగు గిన్నెల క్యారియరు, అందులో తోటకూరో పాలకూరో తప్పనిసరి. గుమ్మడి గింజలు వేయించి జేబులో పోసుకుని పొమ్మంది. దివ్య చుడీదారుకు జేబులుండవని చెప్తే చేతిరుమాలులో మూట కట్టి ఇచ్చింది. అంతవరకూ సాయంత్రం ఏడింటికి రెండు బిస్కెట్లు, నడిరాత్రి ఇంటికొచ్చి చల్లారిన అన్నం తినే దివ్య, వారం రోజులుగా వేళకు తింటోంది. ఆఫీసులో క్యారియరు విప్పగానే నలుగురు చుట్టూ చేరుతున్నారు. తోటకూర పప్పు రుచిగానే ఉంది. అది 2.6ను పది చేస్తుందా అన్నది వేరే సంగతి.

పదకొండో తారీఖు ఆదివారం పొద్దున ఇంటి ముందు అరుపులకు దివ్యకు మెలకువ వచ్చింది. ముందు వాకిట్లో రుక్కమ్మ, ఆమె భర్త బాలనర్సయ్య, పశువుల దవాఖాన కాంపౌండరు ఒక బర్రె చుట్టూ నిలబడి ఉన్నారు. బర్రె ఒక్కటే ప్రశాంతంగా ఉంది. ఎదకు వచ్చిన బర్రెకు చూడి కట్టే సూది వేయించడానికి కాంపౌండరును పిలిపించారు. అతను సామాను విప్పకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పుడు మొదలైంది?" అన్నాడు.

"నిన్న పొద్దుమీకి," అన్నాడు బాలనర్సయ్య.

"నిన్న కాదు, మొన్న పొద్దుగాలనే అరిశింది," అంది రుక్కమ్మ.

"నేను పట్టుకచ్చి కొట్టంల కట్టేసింది నిన్ననే గద!"

"నువ్వు కట్టేసిన కాడికెల్లి లెక్కనా ఏంది? అది నిన్ను అడిగి మొదలువెట్టిందా? నువ్వు తీరువడి చూసేదాంక దాని ఒళ్ళు ఆగుతదా?"

కాంపౌండరు తల ఊపాడు. "రుక్కవ్వ చెప్పేది కరెక్టు. నువ్వు చూసిన పొద్దుతోని నాకేం పని, బాలనర్సయ్యా? దానికి షురువైన పొద్దు కావాలె. మొన్న పొద్దుగాల అంటే ఇగ టైం దాటింది. ఇప్పుడు సూది వేస్తే దండుగ. మళ్ల ఇరవై రోజులకు పిలువుండ్రి, జర మొదటి పూటనే పిలువుండ్రి."

అతను సైకిలెక్కి వెళ్ళిపోయాడు. రుక్కమ్మ భర్తను వదిలిపెట్టలేదు. "ఊరందరికి లెక్కలు చెప్తడు, ఇంట్ల బర్రె లెక్క తెల్వదు! ఏ దినం కట్టేస్తే ఆ దినమేనట ఒకటి!"

దివ్య చేతిలో కాఫీ గ్లాసు అట్లాగే ఉంది. రుక్కమ్మ చూసింది. "ఏమైంది బిడ్డా? గట్ల నిలవడ్డవ్?"

"ఏం లేదు పెద్దమ్మా," అని దివ్య గిరుక్కున వెనక్కి తిరిగి వంటింట్లోకి పరిగెత్తింది.

వంటింటి గోడకు పెద్ద అక్షరాల తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. పైభాగాన వెంకటేశ్వరస్వామి, కింద తిథులు, వర్జ్యాలు, పాలవాడి లెక్కలు. జూన్ తొమ్మిదిన కుంకుమతో పెట్టిన చిన్న చుక్క ఉంది. జూలై అయిదున ఇంకొకటి. సొంతంగా ఎక్కడా రాసుకునే అలవాటు లేని దివ్య కిందటి నెల ఈ చుక్కను చూసే లెక్కపెట్టింది. తొమ్మిది ఒకటి, పది రెండు, అట్లా ఇరవై ఎనిమిదికి ఇరవై.

"అత్తయ్యా! ఈ చుక్క దేనికి పెట్టారు?"

పప్పు రుబ్బుతున్న సరోజమ్మ తలతిప్పకుండానే అంది. "నీ స్నానానికి. ఇంకెందుకు?"

"అంటే అయిదో రోజా?"

"అయిదో రోజు తలంటుకుని వంటింట్లోకి వచ్చే దినం. ఆ దినం నుంచి పూజ సామాను నువ్వు ముట్టచ్చు. అది గుర్తుండాల కదా."

"మరి మొదటి రోజు ఎక్కడ రాశారు?"

ఈసారి సరోజమ్మ రుబ్బడం ఆపింది. తన కోడలికి బుద్ధి చెడిందేమో అన్నట్టు చూసింది. "మొదటి దినం రాసేదేందమ్మే? స్వామి పటముండాది దాని మీద! మైల దినాలు దేవుని మొగాన రాస్తారా ఎవురైనా?"

ఆ ఇంట్లో నెలకు నాలుగు రోజులు దివ్య వంటింట్లోకి రాదు. ఆఫీసుకు మాత్రం వెళ్తుంది, ఎందుకంటే ఆఫీసులో వెంకటేశ్వరస్వామి లేడు. ఈ ఆచారం మీద ఆమెకు నమ్మకం లేకపోయినా నెలకు నాలుగు రోజులు గిన్నెలు తోమే పని తప్పుతుంది గనుక వాదించలేదు. వాదించని ఆ ఆచారమే ఇప్పుడు నాలుగు రోజులు మింగేసింది. నెలసరి మొదలైంది తొమ్మిదిన కాదు, జూన్ అయిదు శనివారం. ఇరవయ్యో రోజు జూన్ ఇరవై నాలుగవుతుంది. తాను రక్తం ఇచ్చింది ఇరవై నాలుగో రోజున. ఆ తరువాత మూడు రోజులకే, జూలై ఒకటిన, మళ్ళీ నెలసరి వచ్చింది. నెలసరికి వారం ముందు చూడవలసిన దాన్ని మూడు రోజుల ముందు చూశారు. రాబోయే నెలసరికి దారి ఇస్తూ ఆ హార్మోను ఎవరికైనా దిగిపోయే సమయం అది.

మొన్న శుక్రవారమే ఆమె ఇద్దరు కుర్రాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని అరగంట మందలించింది. డిపాజిట్ మీద వడ్డీ నాలుగు రోజులకు తక్కువ వస్తోంది. "లెక్క ఎక్కడ మొదలవుతుందో ముందు చూసుకోరా?" అని అడిగింది. వాళ్ళిద్దరూ తలలు వంచుకున్నారు. ఇప్పుడు వాళ్ళు ఇక్కడ లేకపోవడం తన అదృష్టమనుకుంది దివ్య.

విషయం విని వినయ్ పగలబడి నవ్వాడు. సరోజమ్మ నవ్వలేదు.

"తప్పు నాదంటావా?"

"మీది కాదు అత్తయ్యా, నాది. మీరు స్నానం రోజు రాసుకున్నారు, అది సరిగ్గానే ఉంది. నేనే అడక్కుండా తీసుకున్నాను."

"మా అమ్మ అట్లనే లెక్కపెట్టింది. నేనూ అట్లనే పెట్టినా. ఇద్దరు బిడ్డల్ని కన్నా."

"మీ కాలంలో ఎవరూ రక్తం తీయలేదు కదా. బిడ్డకు ఏ లెక్క అయినా ఒకటే. రక్తానికే మొదటి రోజు కావాలి."

సరోజమ్మ రుబ్బిన పప్పును గిన్నెలోకి తోడింది. ఆమెకు వాదనలో ఓడిపోవడం ఇష్టముండదు, కానీ తప్పుడు లెక్కతో గెలవడం అంతకన్నా ఇష్టముండదు. కోవెలకుంట్ల సంతలో తూకంలో మోసం చేసిన వాడి తక్కెడను విసిరికొట్టిన మనిషి ఆమె.

"సరే. ఇంకోసారి ఇయ్యి రక్తం. తొలి ఏకాదశి లోపల తేలాల. అప్పుడు కూడా తక్కువొస్తే మాట్లాడకుండా బస్సెక్కాల."

"ఎక్కుతాను," అంది దివ్య. తప్పు దొరికినంత మాత్రాన జవాబు మంచిదే అవుతుందని ఎక్కడా లేదు. సరైన రోజున చూసినా అది 2.6 కావచ్చు.

మర్నాడు డాక్టర్ సీతాబాయి అంతా విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తప్పు నాది కూడా ఉందమ్మా. మొదటి రోజు అని రాశాను గానీ మీ ఇంట్లో మొదటి రోజంటే ఏదో అడగలేదు. మా నాయనమ్మ కూడా స్నానం నుంచే లెక్కపెట్టేది. తెలిసి కూడా మర్చిపోయాను. ఈ నెల ఇరవయ్యో తారీఖే నీకు ఇరవయ్యో రోజు. మంగళవారం. ఆ రోజు ఇవ్వు. ఈ లోపల ఇంకో పని చేద్దాం." ఆమె సొరుగులోంచి ఒక థర్మామీటరు తీశారు. "రోజూ పొద్దున ఒకే వేళకు, మంచం దిగకముందు, నోట్లో పెట్టుకుని చూసి రాసుకో. అండం విడుదలైతే, ఆ తరువాత ఒంటి వేడి కాస్త పెరిగి అక్కడే నిలుస్తుంది. రక్తం చెప్పేదాన్ని థర్మామీటరు కూడా చెప్తుందో లేదో చూద్దాం. ఇద్దరు సాక్షులుంటే మంచిది."

సాక్షి బాధ్యతను సరోజమ్మ తీసుకుంది. పొద్దున ఆరింటికి, నడిరాత్రి వచ్చి పడుకున్న కోడలి నోట్లో థర్మామీటరు పెట్టి, గడియారం చూసి తీసి, కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని గీతలు చదివేది. దివ్య ఆఫీసు నుంచి తెచ్చిన పొడుగు కంప్యూటరు కాగితం వెనక గళ్ళు గీసింది. సరోజమ్మ ఒక్కో గడిలో పెన్సిలుతో చుక్క పెట్టేది. దీని మీద దేవుడి బొమ్మ లేదు గనుక ఏ రోజునైనా రాయవచ్చు.

మంగళ, బుధవారాల చుక్కలు రెండూ తొంభై ఏడు పాయింట్ రెండు దగ్గరే కూర్చున్నాయి. గురువారం చుక్క మూడు గీతలు పైకి లేచింది.

"వినయ్! లెయ్ రా! దివ్యకు జ్వరం!"

"జ్వరం కాదు అత్తయ్యా," అంది దివ్య దుప్పట్లోంచి. "డాక్టరు చెప్పింది అదే."

"అదేనా? నిజంగా అదేనా?" సరోజమ్మ థర్మామీటరును మళ్ళీ వెలుగులోకి ఎత్తింది. మిరియాల కషాయం పెట్టడానికి పొయ్యి దగ్గరకు వెళ్ళబోతున్నదల్లా వెనక్కొచ్చి మంచం మీద కూర్చుంది. శుక్రవారం కూడా చుక్క పైనే ఉంది. శనివారం కూడా. ఆదివారం పొద్దున ఆమె ఆ కాగితాన్ని రుక్కమ్మకు చూపించడానికి పట్టుకెళ్ళింది. "చూడు రుక్కమ్మా, గుట్ట ఎక్కి మీద కూసునింది!" అంటున్న గొంతు లోపలి గదిలోకి వినిపించింది. "మంచిగనే ఎక్కింది, ఇగ ఫికర్ ఏంది?" అంది రుక్కమ్మ, ఆ గీతలేమిటో బొత్తిగా తెలియకపోయినా.

మంగళవారం దివ్య రక్తం ఇచ్చింది. బుధ, గురువారాలు శివశంకర్ ఆమె బల్ల దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. పేర్లు శుక్రవారం సాయంత్రానికి పంపాలి, చెప్పవేమిటి అన్నాడు. శుక్రవారం చెప్తానంది. వెళ్ళవలసివస్తే కట్టుకోవడానికి బట్టలు ఒక సంచిలో సర్ది మంచం కింద పెట్టుకుంది కూడా. ఆ సంగతి వినయ్‌కి చెప్పలేదు.

శుక్రవారం పొద్దున క్లినిక్కుకు ముగ్గురూ వెళ్ళారు. సీతాబాయి కవరు విప్పి, చదివి, కాగితాన్ని వాళ్ళ వైపు తిప్పారు.

13.4.

దివ్య ఆ అంకెను మూడుసార్లు చదివింది. పాయింట్ ఎక్కడుందో వేలితో తడిమి చూసింది. సరోజమ్మ మాత్రం వెంటనే నిటారుగా కూర్చుంది.

"చూసినావా! మూడు వారాల్లో రెండున్నర పోయి పదమూడున్నర అయింది. మా అన్న చెప్పిన నువ్వులు, నేను పెట్టిన కూరలు ఊరికే పోతాయా?"

డాక్టరు నవ్వారు. "అమ్మా, మీరు పెట్టినవన్నీ మంచివే. ఆపకండి. కానీ ఈ అంకెను అవి పెంచలేదు. కిందటి నెలలో కూడా ఇంత ఉండే ఉంటుంది. మనం ఆలస్యంగా వెళ్ళి, సంత అయిపోయాక దుకాణాలు లేవని అనుకున్నాం."

"అయితే తిండి వల్ల ఏమీ కాదంటారా?"

"ఎందుకు కాదు? వేళకు తినక, నిద్రలేక, ఒళ్ళు బాగా చిక్కితే అండం విడుదల కావడమే దారి తప్పుతుంది. అప్పుడు ఈ హార్మోను కూడా నిజంగానే తగ్గుతుంది. కడుపునిండా తినడం, ఏడెనిమిది గంటలు పడుకోవడం, కాస్త నడవడం, ఇంతే సహజంగా మనం చెయ్యగలిగిన సాయం. ఫలానా గింజ తింటే ఫలానా అంకె వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. నిజంగా తక్కువుంటే మందు నేనే ఇస్తాను, దాచను."

"మరి ఆ మరకలు?" అంది దివ్య.

"ఒకటి రెండు రోజులైతే చాలామందికి ఉంటుంది. ఎక్కువైతే రా. ఈ మూడు వారాలు వేళకు తిన్నావు గదా, ఒంట్లో ఎట్లా ఉంది?"

"నీరసం తగ్గింది. నిద్ర ఇంకా సరిపోవడం లేదు."

"అది నేను మందుతో ఇవ్వలేను. మీ ఆఫీసువాళ్ళను అడుగు." ఆమె కొత్త చీటీ తీసి రాయడం మొదలుపెట్టారు. రాస్తూనే, "మీ పూర్తి పేరేమిటి?" అన్నారు.

"నాదా?" అన్నాడు వినయ్.

"మీదే. రెండేళ్ళయిందన్నారు. ఇద్దరిలో ఒకరికే పరీక్షలు చేసి కూర్చుంటే ఎట్లా? మీది ఒక్కరోజులో అయిపోతుంది. ఏ రోజైనా ఇవ్వవచ్చు, లెక్కపెట్టే పని కూడా లేదు. నాలుగు రోజుల ముందు నుంచి నియమంగా ఉంటే చాలు."

వినయ్ తల్లి వైపు చూశాడు. సరోజమ్మ పైకప్పు పంకా వైపు చూసింది.

"ఇస్తాడు," అంది సరోజమ్మ చివరికి. "ఎందుకియ్యడు? కోడలు రెండుసార్లు సూది పొడిపించుకునింది, నోరెత్తిందా?"

బయటికి వచ్చాక సరోజమ్మే ముందు నడిచింది. క్లినిక్కు పక్కనే ఉన్న ఫోను బూతు తలుపు తీసి ముందు నంద్యాల నంబరు తిప్పించింది. దివ్య అద్దం బయట నిలబడింది. లోపలి మాటలు సగమే వినిపించాయి. "పదమూడున్నర... కాదన్నా, లెక్క నాదే తప్పు, స్నానం కాడ మొదలుపెట్టినా... రాదులే... అదేం లేదు, నీ నువ్వులు మంచివే, డాక్టరమ్మ కూడా ఆపొద్దనింది." ఆ చివరి మాటతో అటువైపు మనిషి శాంతించినట్టే ఉన్నాడు.

తరువాత దివ్య లోపలికి వెళ్ళి ఆఫీసుకు చేసింది.

"శివశంకర్ గారూ, నేను ఆగస్టు రెండు నుంచి ఉంటాను. నా పేరు పంపండి."

"అమ్మయ్య! నేను ఆల్రెడీ ఇంకొకరి పేరు టైపు చేయిస్తున్నా. సరే, తీసేస్తున్నా. షిఫ్టు అదే కదా, రెండు నుంచి పదకొండు?"

దివ్య నోరు తెరిచింది. మూడు వారాలుగా మనసులో కూర్చుకున్న వాక్యం ఒకటి ఉంది. వారానికి నాలుగు రోజులైనా పగటి షిఫ్టు కావాలని. అది నోటి దాకా వచ్చి, ఎప్పటిలాగే ఆగిపోయింది. ఇప్పుడే ఇచ్చిన కుర్చీకి ఇప్పుడే షరతులా?

సరోజమ్మ ఆమె చేతిలోంచి రిసీవరు మెల్లగా తీసుకుంది.

"బాబూ, నేను దివ్య అత్తను మాట్లాడతాండా. బాగుండావా? మధ్యాహ్నం క్యారియర్లో పప్పు తిన్నది నువ్వేనంట కదా."

"అవునమ్మా, నమస్తే," అన్నది చిన్నగా వినిపించింది.

"నమస్తే. ఈ పిల్ల ఇంతవరకూ చేసినట్టు నడిరాత్రి దాకా చెయ్యలేదు. డాక్టరమ్మ చెప్పింది, ఎనిమిది గంటలు పడుకోవాలంట. పగలే పని చేయించుకో. ఆ అమెరికా వాళ్ళతో మాట్లాడాలంటే వారానికి ఒక్క దినం రమ్మను, అది కూడా వినయ్ వచ్చి తీసుకుపోతాడు."

"అమ్మా, అది క్లయింటు టైమింగు... కష్టం..."

"ఎనిమిది మందిలో ఇంకెవురన్నా రాత్రుల్లో కూసోడానికి లేరా? మొగపిల్లలు ఎంతమంది?"

"అయిదుగురు అమ్మా."

"వాళ్ళను కూసోబెట్టు. నాయకురాలు రాత్రంతా మేలుకోవాలని యాడుంది? పొద్దున వచ్చి వాళ్ళు చేసింది సరిగా ఉండాదో లేదో చూస్తాది. అది ఇంకా మంచిది కదా?"

దివ్య రెండు చేతులతో ముఖం కప్పుకుని వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది. బూతులోని మీటరు ఎర్ర అంకెలు మారుతూనే ఉన్నాయి.

"వారానికి రెండు రాత్రులమ్మా," అన్నాడు శివశంకర్.

"ఒకటి."

"ఒకటిన్నర. ఒక వారం ఒకటి, ఒక వారం రెండు."

సరోజమ్మ రిసీవరు మీద చెయ్యి మూసి దివ్య వైపు తిరిగింది. "ఒకటిన్నర అంటాండాడు. ఏం చెప్పమంటావు?"

దివ్య ముఖం మీది నుంచి చేతులు తీసింది. శివశంకర్ గొంతులో బేరం తెగినట్టే ఉందని ఆమెకు తెలిసిపోయింది. రిసీవరు కోసం తనే చెయ్యి చాచింది.

"ఒప్పుకుంటున్నాను శివశంకర్ గారూ," అంది, ఈసారి తన గొంతుతోనే. "కానీ రెండు రాత్రులు చేసిన వారం, శుక్రవారం సెలవు కావాలి. అది కూడా ఇప్పుడే రాసుకోండి."